‘వద్దు’ బొమ్మ

ఓడ మీదున్న ఇంటావిడకు, ఒడ్డునున్న బావ రాస్తున్నది.

ఇక్కడ మేం ముగ్గురం కులాసా. నువ్వూ, నీ ఓడా, నీ పై మంచం మీద గురక పెట్టే ఆ వంటావిడా కూడా కులాసాయే అని తలుస్తాను. నీ ఉత్తరం సామాన్ల పడవలో ఊరంతా తిరిగి మొన్ననే చేరింది. కవరు ఒక మూల తడిసి ఉప్పు పట్టింది. అత్త దాన్ని కిటికీలో ఆరబెట్టి, ఆరేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు. "అది నా కూతురు రాసిందిరా! నీ సెలూన్లో తువ్వాలనుకున్నావా, లాగి దులపడానికి?" అంది. అల్లుడినన్న మర్యాద ఏనాడూ లేదు కదా మీ అమ్మకి. నేను ఇంకా తన తమ్ముడి కొడుకునే.

ముందు నీ చిన్న ప్రశ్నలకు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే కబుర్లలో పడి మరిచిపోతాను. అత్త మోకాలు నయం. మెట్లెక్కేటప్పుడు మాత్రం మూలుగుతుంది, అదీ నేను దగ్గర్లో ఉంటేనే. సెలూన్ పెద్దద్దం మార్చలేదు. పగులు మీద బంగారు రంగు కాగితం అంటించాను. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ నెత్తిన కిరీటం పెట్టినట్టు కనిపిస్తోంది, ఇంతవరకు ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. మాత్రలు వేసుకుంటున్నాను. మన పిల్ల మిడతకి పై పళ్ళు రెండూ ఊడి కొత్తవి తొంగి చూస్తున్నాయి. గెంతడం మాత్రం మానలేదు. ఆ పేరు పెట్టినందుకు దాని రుణం తీర్చుకుంటోంది.

ఇక, ఓడవాళ్ళు ఇంకో విడత ఉండమంటున్నారు, నువ్వేమంటావు బావా అని అడిగావు చూడు, దానికి జవాబు ఉత్తరం చివర్లో చెప్తాను. తప్పించుకుంటున్నాననుకోకు. అక్కడికి వెళ్ళేలోపు చెప్పాల్సింది చాలా ఉంది.

నువ్వు రాసిన మాటలు మళ్ళీ నీకే చదివి వినిపిస్తున్నాను: "ఆ మాటల బల్ల పనికిరాదని నువ్వే కదా రాశావు, మళ్ళీ దాంతోనే కుస్తీ పడుతున్నావని అమ్మ అంటోంది. మిడత కళ్ళు చూస్తే దానికేం కావాలో నాకు తెలిసిపోతుంది. మధ్యలో ఈ యంత్రం ఎందుకు?"

అవును, పనికిరాదనే రాశాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నువ్వు వెళ్ళాక స్కూల్లో మాటలు నేర్పే టీచరమ్మ చెప్పిందే ఈ బల్ల సంగతి. మిడతకి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, మనం అనే ప్రతి మాటా తెలుస్తోంది, బయటికి రావడానికే దారి లేదు, ఏడేళ్ళొస్తున్నాయి, ఇంకా నోటిమాట కోసమే ఎదురుచూస్తూ కూర్చోవద్దంది. పాత టాబ్లెట్‌లో ఇది పెట్టుకుంటే తెర నిండా బొమ్మలొస్తాయి. బొమ్మ నొక్కితే ఆ మాట అదే పలుకుతుంది. దీనికి దుకాణం లేదు, యజమాని లేడు. ఎక్కడెక్కడి వాళ్ళో తలో చెయ్యి వేసి తయారు చేశారు. ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు, లోపల విప్పి చూడొచ్చు, బాగుచేసి మళ్ళీ అందరికీ ఇవ్వొచ్చు. ఓపెన్ సోర్స్ అంటారట. ఆ మాట చెప్పి టీచరమ్మ ప్రసవానికి సెలవు మీద వెళ్ళిపోయింది. నేనూ, ఆ బల్ల ఎలా వాడాలో చెప్పే పేజీ మిగిలాం.

పేజీ మన భాషలోనే ఉంది. చక్కటి భాష, ఎక్కడా తడబాటు లేదు. అందుకే మోసపోయాను. కుడివైపు పైన ఆకుపచ్చ బటన్ నొక్కమంది. నా తెర మీద ఆకుపచ్చ అన్నది మచ్చుకైనా లేదు. నీకు తెలుసుగా నా సంగతి, తప్పు నాదేననుకుని కళ్ళజోడు తుడుచుకుని మరీ వెతికాను. చివరికి అటు నొక్కి ఇటు నొక్కి ఎలాగో పెట్టాను. ఆ తర్వాత పేజీలో ఇలా ఉంది: మొదట కొద్ది బొమ్మలే పెట్టండి, పిల్లలు ఇష్టపడి అడిగే వస్తువులే పెట్టండి, ‘వద్దు’ అన్న బొమ్మ మాత్రం పెట్టకండి, పెడితే రోజంతా అదే నొక్కుతారు. నేను అక్షరం దాటలేదు. పాలు, అరటిపండు, బంతి, ఉయ్యాల, ఇలాంటివే పెట్టాను.

మొదటిరోజు స్నానం దగ్గర మిడత అరటిపండు నొక్కింది. నా సంతోషం చెప్పలేను. తడి చేతులతోనే పరుగెత్తి తెచ్చిచ్చాను. దాన్ని తీసి నా మొహాన కొట్టింది. మర్నాడు జుట్టు దువ్వుతుంటే బంతి నొక్కింది, బంతి తెచ్చిస్తే అది కిటికీలోంచి వీధిలోకి పోయింది. ఆ తర్వాత టాబ్లెట్టే నేలకేసి కొట్టి, మణికట్టు కొరుక్కుంటూ మూల కూర్చుంది. అది చూసే నీకు ఆ ఉత్తరం రాశాను.

టీచరమ్మ సెలవు నుంచి వచ్చాక బల్ల తీసుకుని చూసింది. ఒకసారి కిందికీ మీదికీ జరిపి, "‘వద్దు’ ఏదండీ?" అంది.

"పెట్టకూడదని రాశారు కదండీ" అన్నాను.

"ఎవరు రాశారు?"

పేజీ తీసి చూపించాను. చదివి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఇది ఏ కాలం నాటి పేజీ అండీ! ఆ సలహా తప్పని అసలు పేజీలో ఎప్పుడో మార్చేశారు. మన భాషలోకి తెచ్చినవాళ్ళు ఒక్కసారి తెచ్చి వదిలేశారు, ఆ తర్వాత అటు తొంగి చూసినవాళ్ళే లేరు. పాపం, మీ పాప స్నానం వద్దని చెప్పడానికి దొరికిన బొమ్మ నొక్కిందండీ. దానికి వేరే ఏముంది నొక్కడానికి?"

నేను అక్కడే చిన్నపిల్లల కుర్చీలో కూలబడ్డాను. లేచేటప్పుడు కుర్చీ కూడా నాతోనే లేచింది. అది వేరే సంగతి.

ఆ సాయంత్రమే పై వరుసలో ‘వద్దు’, ‘ఆపు’, ‘ఇంకా’, ‘కోపం’, ‘భయం’ పెట్టాం. ఆ వారం మన ఇంట్లో వినిపించింది ఒకే మాట. స్నానం వద్దు. దువ్వెన వద్దు. నాన్న వద్దు. అత్త పక్కన కూర్చుని పాట ఎత్తుకుంటే రెండో చరణంలో ‘ఆపు’. అత్త నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయి, "ఇన్నేళ్ళూ నా పాటంటే ప్రాణమనుకున్నానే!" అంది. కోపం వచ్చిందో, మురిసిపోయిందో తనకే తెలియలేదు. కాసేపయ్యాక మళ్ళీ పాడబోయి, ఆగి, "పాడనా?" అని అడిగింది. అలా అడగడం మీ అమ్మ జీవితంలో అదే మొదలు. మిడత ఆలోచించి ‘ఇంకా’ నొక్కింది. ఇప్పుడు ఉయ్యాల ఊపడానికి ‘ఇంకా’, పాలకి ‘ఇంకా’, కితకితలకి ‘ఇంకా’. చెయ్యి కొరుక్కుంటోందా అని అడిగావు కదా, చాలావరకు తగ్గింది. పంటి గాటు కూడా మానుతోంది.

నాకు మాత్రం ఆ పేజీ మీద మంట తగ్గలేదు. నాలాగే ఇంకెంతమంది దాన్ని నమ్మి అరటిపండ్లు మొహాన కొట్టించుకుంటున్నారో అనిపించింది. పేజీ అడుగున ‘సవరించండి’ అని ఉంది. ఎవరైనా సవరించి పంపవచ్చట, పాతకాపులు చూసి బాగుందంటే కలుపుకుంటారట. నొక్కాను. కత్తెర పక్కన పడేసి, వచ్చిన కోపమంతా రాసి పంపాను.

తన ఫొటో బదులు గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్న ఒకావిడ నుంచి జవాబొచ్చింది. మన భాష పేజీలు చూసేది ఆవిడేనట, కానీ ఎక్కడ ఏది పాతబడిందో చెప్పేవాళ్ళు లేక చాలా పేజీలు అలాగే ఉండిపోయాయట. "మీ కోపం న్యాయమైనదే. కానీ చదివేవాళ్ళకి మీ కోపంతో పని లేదు. ఏది నొక్కాలో చెప్పండి, ఎందుకో చెప్పండి" అని రాసింది. తిరగరాశాను. "సులువుగా నొక్కండి అన్నారు. ఆ ‘సులువుగా’ తీసేయండి. నొక్కలేనివాళ్ళు తాము చేతకానివాళ్ళమనుకుంటారు" అంది. తీసేశాను. ఇంకా ఎన్నిసార్లు వెనక్కి పంపిందో! పెళ్ళికొడుకులు కూడా నా పనికి ఇన్ని వంకలు పెట్టలేదు. చివరికి ఒప్పుకుంది, కానీ ఒక్క ఆచారం మిగిలిందంది. అసలేమీ తెలియని మనిషి ఒకరు ఆ పేజీ చదువుతూ మొదటినుంచి చివరిదాకా చేసి చూపించాలి. రాసినవాడు పక్కనే కూర్చోవాలి. నోరు విప్పకూడదు, సైగ చెయ్యకూడదు, దగ్గకూడదు.

నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు. నోరు విప్పకుండా ఒక గడ్డం గీసిన చరిత్ర నాకు లేదు.

ఏమీ తెలియని మనిషి ఎవరా అని వెతకాల్సిన పని లేకపోయింది. "నాకేం తెలియదని అందరికీ చెప్తావట్రా?" అంటూనే అత్త సెలూన్ కుర్చీలో సర్దుకు కూర్చుంది. షాపుకి సెలవు పెట్టి, అరువు తెచ్చిన టాబ్లెట్ ఒకటి అత్త చేతికిచ్చాను. ఫోను పౌడరు డబ్బాకి ఆనించి, గుడ్లగూబావిడ వీడియోలో చూసేలా పెట్టాను. ఆవిడ తెర వెలుగులో సగం మొహమే కనిపిస్తోంది, తలూపింది తప్ప పలకరించలేదు. గర్విష్ఠి అనుకున్నాను. నా మీద నాకు నమ్మకం లేక దువ్వెన ఒకటి పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాను.

అత్త గట్టిగా చదివింది. "పైన మూడు గీతల గుర్తు మీద నొక్కండి." చుట్టూ చూసింది. వేలితో టాబ్లెట్ అద్దం మీద మూడు గీతలు గీసి, వాటి మీద నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ గీసింది, ఈసారి ఇంకాస్త శ్రద్ధగా. నేను దువ్వెన కొరుకుతున్నాను. గుర్తు అక్కడే, అత్త బొటనవేలి కిందే ఉంది! ఒక్క మాట చెప్తే అయిపోయే పని. నా వీపంతా చెమట. అత్త విసుక్కుంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది, ‘తప్పు నాదేనేమో’ అన్న మొహం పెట్టింది. ఆ మొహం చూశాక నాకు నా మొదటి రోజు గుర్తొచ్చింది. చాలాసేపటికి వేలు జరిపి, "ఓసి, ఇదా! వీటిని గీతలంటార్రా? నలిగిన చీమల్లా ఉన్నాయి" అని నొక్కింది. ఆ తర్వాత ఆగలేదు. ‘వద్దు’ బొమ్మ తనంతట తాను పెట్టి, నొక్కి, అది పలకగానే ఏదో ఎన్నిక గెలిచినట్టు నా వంక చూసింది. నేను దువ్వెన తీస్తే రెండు పళ్ళు విరిగి ఉన్నాయి. దువ్వెనవే.

అప్పుడు ఫోనులోంచి మాట వచ్చింది. "గీతల పక్కన బాణం గుర్తు వేసి బొమ్మ పెట్టండి. మిగతాదంతా బాగుంది."

అది మన బల్ల గొంతు. అచ్చం అదే. గుడ్లగూబావిడ తల వంచి, మెల్లగా ఒక్కొక్కటీ నొక్కుతూ చెప్పింది. "నాకూ నోటితో మాట రాదు. నా చిన్నప్పుడు నాకిచ్చిన బల్ల మీద ‘వద్దు’ లేదు. విసిరికొట్టేదాన్ని. మొండిపిల్లనన్నారు. మీ పేజీకి అన్ని వంకలు అందుకే పెట్టాను. క్షమించండి."

అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. లోపలి గదిలోంచి గెంతుళ్ళ చప్పుడు ఆగిపోయింది. మిడత గుమ్మంలో నిలబడి ఉంది. తన గొంతు ఇంకెవరి దగ్గరో వినిపిస్తోంది మరి! మెల్లగా వచ్చి ఫోనులోకి చూసింది, వెనక్కి పరుగెత్తి తన బల్ల తెచ్చుకుని ‘ఇంకా’ నొక్కింది. ఆవిడ నవ్వి, ‘వద్దు’ నొక్కింది. మిడత పడీ పడీ నవ్వింది, ‘వద్దు’ నొక్కింది. ఆవిడ ‘ఇంకా’ అంది. అలా ఎంతసేపు ఆడుకున్నారో. మా ఇద్దరినీ పట్టించుకున్న నాథుడు లేడు. మిడతకి అంత సమానంగా మాట్లాడే మనిషి దొరకడం నేను ఇదివరకు చూడలేదు.

ఆ మర్నాడు పేజీ మారింది. అడుగున సవరించినవాళ్ళ పేర్లలో నాదీ ఉంది, నా పేరు కింద ‘చదివి చూసినవారు’ అని అత్తది కూడా. వీధిలో పాలావిడకి కూడా చూపించింది. మొన్న ఎవరో ఒక తాతగారు దాని కింద రాశారు: ఆకుపచ్చ బటన్ కోసం వెతికి వెతికి మానేశారట, ఇప్పుడు మళ్ళీ పెట్టారట, మనవడు మొదటి మాటగా ఆయన్నే ‘ఆపు’ అన్నాడట. ఆనందంతో అన్నం సహించలేదని రాశారు. నాకు ఆయన ఎవరో తెలియదు. సెలూన్లో కుర్చీలో ఉన్న మనిషిని అలాగే సబ్బు నురగతో వదిలేసి వెళ్ళి అత్తకి చదివి వినిపించాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇది ఇంతసేపు చెప్పకుండా చుట్టూ తిరిగినందుకు కోప్పడకు.

ఇదంతా అయ్యాకే నువ్వు రేవు నుంచి ఫోను చేశావు. బల్ల గొంతు నీకు వినిపించి ఆశ్చర్యపరుద్దామని ముందుగా ఏమీ చెప్పకుండా దాన్ని మిడత ఒళ్ళో పెట్టాను. నువ్వు "పాలు తాగావా? తాగావు, నా బంగారం. అమ్మ గుర్తొస్తోందా? రాకేం, వస్తుంది. బుద్ధిగా ఉన్నావా? ఉన్నావులే" అన్నావు. ప్రశ్న నీదే, జవాబూ నీదే. దాని వేలు బల్ల మీదికి వెళ్ళేలోపు నువ్వు తర్వాతి మాటలో ఉన్నావు. నిన్ను అనడానికి నాకు నోరు లేదు, దువ్వెన కొరక్కముందు నేనూ అంతే. ఇంతలో లైను తెగిపోయింది. "ఫోనులో ఎంత బుద్ధిగా కూర్చుంది" అని ఉత్తరంలో రాశావు చూడు, అది బుద్ధి కాదు.

ఫోను పెట్టేశాక మిడత బల్ల దగ్గరికి లాక్కుంది. ‘అమ్మ’ నొక్కింది. ‘కోపం’ నొక్కింది. మళ్ళీ ‘కోపం’. ‘ఓడ’, ‘వద్దు’.

అత్త గబుక్కున "కోపం కాదమ్మా, అమ్మ మీద బెంగ నీకు" అనబోయింది. నేను అత్త చెయ్యి పట్టుకుని ఆపాను. నాకూ ఏదో ఒకటి చెప్పి దాన్ని ఊరుకోబెట్టాలనే ఉంది. ఊరుకుని కూర్చున్నాను. వేలు అటూ ఇటూ తిరిగింది. చాలాసేపయ్యాక ‘అమ్మ’ నొక్కింది, పక్కనే ‘ఇంకా’ నొక్కింది. బల్ల నా ఒళ్ళో పెట్టి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. చెయ్యి కొరుక్కోలేదు.

నీకు చెప్తే ఏడుస్తావని, నాలుగు గోడల మధ్య నీళ్ళ మీద ఉన్నదానివి, ఎవరూ ఓదార్చేవాళ్ళు ఉండరని ఇన్నాళ్ళూ లోపలే పెట్టుకున్నాను. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, దాని కళ్ళు చూస్తే నీకు తెలిసిపోతుందన్నావు. నిజమే, తెలిసేది. కానీ నీ దగ్గరున్నది నువ్వు వెళ్ళేనాటి మిడత. ఈ మధ్య అది చాలా మారింది. దాని తరఫున నేను కబుర్లు రాసి పంపితే, నేను కూడా ఆ పాత పేజీ రాసినవాళ్ళలాగే అవుతాను.

ఇంకో విడత ఉండనా అని నన్నడిగావు. నా సంగతి చెప్పాలంటే, నువ్వు పక్కన లేక నాకు ఇల్లు ఇల్లులా లేదు. అయినా నీకు ఆ ఓడ పని మీదున్న ప్రేమ నాకు తెలుసు, ఉంటానంటే సెలూనూ, అత్తా, నేనూ ఎలాగో లాక్కొస్తాం. నువ్వు అడగాల్సిన మనిషి ఇంకొకరున్నారు. అది వద్దంటే వెంటనే మూట సర్దుకుని రమ్మనడం లేదు. స్నానం వద్దంటుంది, అయినా చేయిస్తున్నాం, కాకపోతే అడిగి, విని, నీళ్ళు కాస్త వేడిగా పెట్టి చేయిస్తున్నాం. అడగడమంటూ జరగాలి.

అందుకని ఈసారి రేవు చేరి ఫోను చేసినప్పుడు దాన్నే అడుగు. అడిగాక ఊరుకో. దాని వేలు నిదానం, వెతుక్కుంటుంది, వెనక్కి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఏ శబ్దమూ రాకపోతే లైను తెగిందనుకుని పెట్టేయకు. లైనులోనే ఉంటాం. కావాలంటే దువ్వెన ఒకటి దగ్గర పెట్టుకో, పాతదైతే మంచిది.

ఇంకొక్క మాట. నిన్న ‘ఓడ’ పక్కన ‘ఎప్పుడు’ అని కొత్త బొమ్మ పెట్టాను. నేను చూపించకముందే కనిపెట్టేసింది. పొద్దున్నుంచి ‘అమ్మ’, ‘ఓడ’, ‘ఎప్పుడు’ అని నన్ను అడుగుతూనే ఉంది. నేను జవాబు చెప్పలేదు. అది నీ నోటితో వినాల్సిన మాట. ఏం చెప్తావో ఆలోచించుకో, ఏది చెప్పినా నిజమే చెప్పు. అది అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఇట్లు,
నీ రాకకే కాదు, నీ ఫోనుకీ ఎదురుచూసే,
నీ బావ.